నూట పన్నెండో కార్డు

జూన్ రెండో వారం. మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒడిశాలోని బంధుగాం దాటాక కొండ ఊళ్ళకు మట్టిరోడ్డు చీలే చోట, కల్వర్టు పక్కన లారీ నన్ను దించింది. సన్నటి వాన. నాతో దిగినవి: ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, రైఫిలు, వైర్‌లెస్ సెట్లు రెండు, బ్యాటరీలు నాలుగు, యాంటెనా కేబులు ఒక చుట్ట. అక్కడ అప్పటికే ఉన్నవి: ఇసుక బస్తాల బంకరు, రేకుల షెడ్లు రెండు, మట్టిరోడ్డుకు అడ్డంగా ఎరుపు తెలుపు పట్టీలు వేసిన ఇనుప గొట్టం. దాన్ని డ్రాప్‌గేటు అనేవాళ్ళం. గేటుకు ఐదు మీటర్ల ముందు సున్నంతో గీసిన తెల్లగీత. పైనుంచి వచ్చే మనిషి ఆ గీత దగ్గర ఆగాలి.

మావోయిస్టులపై నిఘాకు వేసిన పోస్టు. మేం ఇరవై రెండు మంది జవాన్లం. పెద్ద క్యాంపు పదకొండు కిలోమీటర్ల అవతల. రేడియోలో మా పోస్టు పేరు ఇమ్లీ, పెద్ద క్యాంపు పేరు కటహల్. నేను రేడియో ఆపరేటర్ని. నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. సిగ్నల్ అనేవారు.

ఇంటికొచ్చాక అందరూ అడిగింది ఒకటే. కాల్పులు జరిగాయా అని. లేదు. ఆ ఎనిమిది నెలల్లో మా పోస్టు నుంచి ఒక్క తూటా పేలలేదు. నేనెవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఎవర్నీ తిట్టలేదు. ఈ మూడు మాటలూ నిజం. చాలాకాలం నేను వీటి వెనకే దాక్కున్నాను.

నేను పుట్టి పెరిగింది దామంజోడి టౌన్‌షిప్పులో. నాన్న ఫ్యాక్టరీలో టెక్నీషియను. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గ్రౌండులో హిందీ, సంతలో దేసియా. ఎలక్ట్రానిక్సులో డిప్లొమా చేశాను. కంపెనీ కమాండరు నా కాగితాలు చూసి, “నువ్వు ఇక్కడివాడివి, వీళ్ళ సంగతి నీకు తెలుస్తుంది,” అన్నాడు. నేను సరే సార్ అన్నాను. మా క్వార్టర్స్ మేడ మీంచి కోందు గిరిజనుల కొండలు రోజూ కనిపించేవి. ఇరవై ఒక్క ఏళ్ళలో వాళ్ళ ఊరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అది కమాండరుకు చెప్పలేదు.

మొదటి సంత రోజు చూశాను. పైన మూడు ఊళ్ళు. తెల్లవారేసరికి ఆడవాళ్ళు అల్లం, పసుపు, చీపుళ్ళు, పనసకాయలు నెత్తిన పెట్టుకుని దిగారు. తెల్లగీత దగ్గర వరుసలో నిలబెట్టారు. ప్రతి మూటా విప్పారు. అల్లం బురదలో పోశారు, కర్రతో కెలికారు, మళ్ళీ ఎత్తుకోమన్నారు. వాచీ పెట్టి చూశాను. మనిషికి పదకొండు పన్నెండు నిమిషాలు. చివరి మనిషి గేటు దాటేసరికి తొమ్మిదిన్నర. ఈలోగా మంచి బేరాలు అయిపోయేవి. మా హవల్దారు పదహారేళ్ళ సర్వీసువాడు. కర్ర ఊపుతూ వాళ్ళను జంగ్లీలు అనేవాడు, ఇంకా పెద్ద మాటలూ అనేవాడు. నేను అలాంటివాణ్ణి కాదు అనుకున్నాను.

అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను.

ఊరికో అక్షరం: ఎ, బి, సి. మనిషికో నంబరు. కార్డు మీద పేరు, తండ్రి లేదా భర్త పేరు, సుమారు వయసు, గుర్తు. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో నలుగురేసి ఉన్నారు కనక నంబరే ముఖ్యం. కార్డు ఉంటే మూట విప్పనక్కర్లేదు. చూపించి వెళ్ళిపోవచ్చు. కార్డు లేని మనిషి వస్తే కటహల్‌ను రేడియోలో అడిగి, వాళ్ళు సరే అన్నాకే వదలాలి. అది ఏడో నియమం. మొత్తం తొమ్మిది నియమాలు ఒక పేజీలో రాసి పంపాను. కమాండరు సంతకం పెట్టాడు. జేకేపూర్ కాలనీలో ఉండే మా పిన్నికి చెబితే మందపాటి అట్ట కాగితం, ఒక చిన్న లామినేషన్ మిషను పంపించింది.

పేర్లు రాయడానికి పైకి వెళ్ళాను. కోందుల భాష కువి నాకు రాదు. అప్పుడు జయంతి సాయం చేసింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆశ్రమ పాఠశాలలో చదివి ప్లస్ టూ సైన్సు పాసైంది. ఆ మూడు ఊళ్ళలో అంతవరకు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. కోరాపుట్‌లో నర్సింగు శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. తెలుగు సంతలో నేర్చుకుంది, బంధుగాం షావుకార్ల తెలుగు. మూడు సాయంత్రాలు పనసచెట్టు కింద కూర్చుని ముసలమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, కువిలో అడిగి, నాకు చెప్పింది. నన్ను అన్నా అనేది.

మొదటి రోజే అడిగింది. “అన్నా, ఇది ఇస్తే మూటలు ఇప్పరు కదా?”

“విప్పరు.”

“నువ్వు లేనప్పుడు?”

“రాసి ఉంటుంది. రాసింది ఎవరూ మార్చలేరు.”

మూడో సాయంత్రం నూట పదకొండు కార్డులయ్యాయి. నూట పన్నెండోది ఆమె కోసం తీశాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకొద్దన్నా. నాను ఏ తప్పూ సెయ్యనేదు. తప్పు సెయ్యనేదని మెడలో కట్టుకు తిరగాలేటి?”

నవ్వేను. చిన్నపిల్ల రోషం అనుకున్నాను. నా పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా ‘వద్దన్నారు’ అని రాసి తేదీ వేశాను.

పద్ధతి పనిచేసింది. మనిషికి ఇరవై సెకన్లు. ఆరున్నరకల్లా అందరూ గేటు దాటేవారు. హవల్దారు కర్ర మూల పెట్టాడు. పెద్ద క్యాంపు నుంచి నాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. రెండు వారాలకు ఇంకోటి మొదలైంది. గేటు దగ్గర కుర్రాళ్ళు పేర్లు మానేశారు. “బి-పదిహేడు, రా. సి-నాలుగు, నువ్వాగు.” ఒక ముసలమ్మను ఎవరో పేరు అడిగితే ఆమె కార్డు తీసి చూపింది. మేమంతా నవ్వేం. నేనూ నవ్వేను.

ఆగస్టు. గురువారం. తెల్లవారుజామున నాలుగు నుంచి జోరువాన. అయిదూ యాభైకి జయంతి తెల్లగీత దగ్గర నిలబడింది. చెప్పులు చేతిలో, గొడుగు భుజం మీద, పాలిథిన్‌లో చుట్టిన ప్లాస్టిక్ ఫైలు గుండెకు ఆనించి. సెంట్రీ నన్ను కేక వేశాడు.

ఆమెకు సీటు వచ్చింది. ఆ రోజు పన్నెండు గంటలలోపు కోరాపుట్‌లో సర్టిఫికెట్లు చూపించాలి. చూపించకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది. కోరాపుట్ బస్సు ఆరున్నరకు మా కల్వర్టు దగ్గర ఆగుతుంది. గేటు నుంచి నలభై మీటర్లు. దాని తర్వాత బస్సు మధ్యాహ్నమే.

“కార్డు?” అని అడిగాడు సెంట్రీ. లేదంది. ఆధార్ చూపింది. సెంట్రీ నా మొహం చూశాడు.

నేను ఏడో నియమం పాటించాను.

“ఇమ్లీ నుంచి కటహల్. వినిపిస్తోందా? ఓవర్.”

గరగర తప్ప ఏమీ లేదు. మా సిగ్నలును పెద్ద క్యాంపుకు అందించే కొండ మీది రిపీటర్ పలకడం లేదు. దాని బ్యాటరీ మార్చాల్సిన రోజు మంగళవారం. నా లిస్టులోనే ఉంది. వాన అని వాయిదా వేసింది నేనే.

ఆమె ఎవరో నాకు తెలుసు. వాళ్ళ నాన్న పేరు, అమ్మ పేరు, ఇంటి వెనక ఎన్ని పనసచెట్లు ఉన్నాయో తెలుసు. ఐనా నా లెక్క ఇది: ఒక్కరిని కార్డు లేకుండా వదిలితే కార్డుకు విలువ పోతుంది. రేపు మళ్ళీ కర్ర బయటికొస్తుంది, మళ్ళీ అల్లం బురదలో పోస్తారు. ఆమె ఒక్కతి కోసం నూట పదకొండు మందిని పణంగా పెట్టకూడదు. ఇవి నేను తర్వాత అల్లుకున్న సాకులు కావు. అప్పుడే అనుకున్నాను. మంచి మనసుతోనే అనుకున్నాను.

షెడ్డు చూరు కింద కుర్చీ వేశాను. టీ తెచ్చిచ్చాను. “ఐదు నిమిషాలమ్మా, లైను కలుస్తుంది,” అన్నాను. కుర్చీలో కూర్చుంది. టీ కింద పెట్టింది. బస్సు వచ్చే వైపే చూస్తోంది.

ఆరూ పన్నెండుకు మెయిన్ రోడ్డు నుంచి పికప్ వ్యాను వచ్చింది. బంధుగాంలో అల్లం టోకు కొట్టు నడిపే షావుకారు. పార్వతీపురం వాళ్ళు. మా నాన్నను ఎరుగుదురు. పై ఊళ్ళ నుంచి సరుకు దింపుకోవడానికి వెళుతున్నాడు. అద్దం దించి సీసా అందించాడు.

“బాబూ, ఉసిరి పచ్చడి. మా ఇంటిది పంపింది. నువ్వు సిక్కిపోనావని మీ అమ్మగారు ఫోన్లో ఒకటే బెంగ.”

సెంట్రీ గేటు ఎత్తాడు. కార్డు అడగలేదు. షావుకారుకు కార్డు లేదు. ఆయన కొట్లోవాళ్ళకూ లేదు. నా పద్ధతిలో వాళ్ళ కోసం అక్షరమే లేదు. అది మరిచిపోవడం కూడా కాదు. నాకు తట్టనే లేదు. నేను మా వంటవాణ్ణి పిలిచి ఆయనకు టీ ఇప్పించాను. ఆయనది నా స్టీలు గ్లాసు. జయంతి పక్కన నేల మీద తడుస్తున్నది కాగితం కప్పు. రెండూ నేను చెప్పి పోయించినవే.

షావుకారు ఆమెను చూసి, “ఈ అమ్మి మాకు ఎరికే. అల్లం తెస్తాది. మంచిపిల్ల. ఒగ్గేయ్ బాబూ,” అన్నాడు.

రూలు ఒప్పుకోదు అని చెప్పాను. ఆయన తల ఊపి, గ్లాసు ఇచ్చి, పైకి వెళ్ళిపోయాడు.

జయంతి అడిగింది. గొంతు పెంచలేదు. “ఆయనకేదీ కార్డు?”

“ఆయన్ని అందరూ ఎరుగుదురు.”

“నన్ను నువ్వెరగవా? మా ముసిల్దాయి పేరు నీకు సెప్పింది నానే కదన్నా.”

సెట్టు దగ్గరికి వెళ్ళి మళ్ళీ పిలిచాను. ఆరూ ఇరవై. గరగర.

హవల్దారు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. సంగతి విని బురదలో ఉమ్మి, “పోనివ్వవయ్యా. ఆ జంగ్లీ పిల్ల నీ రేడియో కంటే తెలివైంది,” అన్నాడు.

“ఏడో నియమం, సార్.”

“ఆ నియమం రాసిందెవరు?”

“నేనే, సార్.”

“ఐతే నువ్వే చూసుకో,” అని లోపలికి పోయాడు.

ఆరూ ముప్పై ఒకటికి బస్సు వచ్చింది. జయంతి లేచి నిలబడింది. చెప్పులు తొడుక్కుంది. గేటు దాకా వచ్చి ఆ గొట్టం మీద చెయ్యి వేసింది. సెంట్రీ నన్ను చూశాడు. నేను సెట్టు చెవికి ఆనించుకుని ఉన్నాను. ఒక మాట చాలు. ఎత్తు అంటే ఎత్తేవాడు. బస్సు రెండుసార్లు హారను కొట్టింది. ఆరూ ముప్పై నాలుగుకు మలుపు తిరిగింది.

ఆమె గొట్టం మీంచి చెయ్యి తియ్యలేదు. “ఎల్లిపోనాది,” అంది. నాతో కాదు.

వాన తెరిపిచ్చాక, ఏడూ పదికి రిపీటర్ కాసేపు లేచి సెట్టు పలికింది.

“కటహల్ నుంచి ఇమ్లీ. మెసేజ్ చెప్పండి. ఓవర్.”

“కార్డు లేని మహిళ ఒకరు. వెళ్ళడానికి అనుమతి కావాలి. ఓవర్.”

“నీకు తెలిసిన మనిషేనా? ఓవర్.”

“తెలిసిన మనిషే. ఓవర్.”

“మరి నన్నెందుకు అడుగుతున్నావు? ఓవర్.”

సెట్టు కింద పెట్టాను. గేటు ఎత్తించాను. ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. దాని నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ‘భద్రతా తనిఖీ కారణంగా అభ్యర్థినికి ఆలస్యం జరిగింది. దయతో పరిగణించగలరు.’ తేదీ, సమయం, పోస్టు, అన్నీ ఉన్నాయి. ఆపిందెవరో లేదు. వాన పడినట్టుగా, బండ జారినట్టుగా దానంతటదే జరిగింది అన్నట్టు రాశాను. ఆమె చదివింది. మడిచి ఫైల్లో పెట్టుకుంది. “సరే, సార్,” అంది. అన్నా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఆమె మెయిన్ రోడ్డు మీద తర్వాతి జంక్షను దాకా నడిచి, ఒక లారీ పట్టుకుని, కోరాపుట్ చేరేసరికి ఒంటిగంటా ఇరవై. సీటు పోయింది. ఉత్తరం తీసుకున్నారట. ఆ ఏడాదికి ఏమీ చెయ్యలేమన్నారట. ఇది షావుకారు చెప్పగా తెలిసింది. “పాపం,” అన్నాడాయన. పాపం అని నేనూ అన్నాను. ఇద్దరం ఎవరి పనికి వాళ్ళం వెళ్ళాం.

రెండు వారాల తర్వాత సంత రోజు వరుస చివర నిలబడింది జయంతి. నెత్తిన అల్లం మూట. నా ముందుకొచ్చి, “కార్డు రాయండి, సార్,” అంది.

అక్కర్లేదు, నువ్వు ఊరికే వెళ్ళు, నేను చెప్పానని చెప్పు అన్నాను.

“మీరు లేనప్పుడు?”

మొదటి రోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది. రాశాను. బి-నలభై. మొత్తంలో నూట పన్నెండోది. స్టెన్సిల్ పెట్టి, అక్షరాలు సమంగా వచ్చేలా రాశాను. అది కూడా సిగ్గే.

అక్టోబరులో పది రోజుల సెలవు. ఇంటికెళ్ళేసరికి మెచ్చుకోలు పత్రం హాల్లో ఫ్రేము కట్టి ఉంది. అన్నం దగ్గర అమ్మకు ఈ సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“ఏటిరా దానికింత బాధ? కుర్సీ ఏసేవు, టీ ఇచ్చేవు, ఉత్తరం రాసిచ్చేవు. ఇంకెవరైనా ఐతే అదీ సేసేవోరా?”

అమ్మ మంచిది. కాలనీలో అందరూ అంటారు. మా ఇంట్లో అంట్లు తోమే కోందు ఆవిడకు పాత చీరలు ఇస్తుంది, జ్వరమొస్తే మందు కొనిస్తుంది. ఆ మాట అంటూనే లేచి ఆవిడకు టీ పోసింది. వెనక కుళాయి గట్టు మీద బోర్లించి ఉన్న గ్లాసులో. అడుగున నీలం రంగు చుక్క. ఇంట్లో గ్లాసులతో కలవకుండా ఆ చుక్క పెట్టింది నేనే. ఏడో తరగతిలో. అమ్మ అడిగితే, నాన్న టూల్‌బాక్సులోంచి పెయింటు తెచ్చి, గుండ్రంగా, చక్కగా పెట్టాను. అప్పుడూ శభాష్ అన్నారు.

అన్నం తిని లేచాను.

పోస్టుకు తిరిగొచ్చాక ఒక సాయంత్రం బంకరులో హవల్దారును అడిగాను. ఆ రోజు మీరే గేటు ఎత్తించొచ్చు కదా సార్, నా పై అధికారి మీరే కదా అని. ఆయన బీడీ ఆర్పాడు.

“ఎత్తించొచ్చు. ఎత్తించలేదు. నా వంతు నాకు తెలుసు. నేను చెడ్డవాణ్ణని ఆ ఊళ్ళవాళ్ళకూ తెలుసు, నన్ను చూడగానే జాగ్రత్తపడతారు. నిన్ను చూసి జాగ్రత్తపడలేదు. అదీ తేడా, సిగ్నల్.”

నేను కార్డులు తీసేద్దామని ఒక పేజీ రాసి పెద్ద క్యాంపుకు పంపాను. పద్ధతి బాగా నడుస్తోంది, కొనసాగించండి అని జవాబొచ్చింది. రెండోసారి రాయలేదు. మనుషుల్ని ఇలా వేరుపెట్టి చూసే జాడ్యంలో మంచివాళ్ళకు భాగం ఉంటుందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు వాదన రాదు. నా భాగం ఎంతో చెప్పగలను. నూట పన్నెండు కార్డులు, తొమ్మిది నియమాలు, ఒక బ్యాటరీ, ఒక ఉత్తరం, రెండోసారి రాయని ఒక పేజీ. నీలం చుక్క.

ఫిబ్రవరిలో పోస్టు ఎత్తేయమని ఆర్డరు వచ్చింది. రెండు రోజుల్లో షెడ్లు విప్పారు. డ్రాప్‌గేటు ఊడదీసి లారీలో వేశారు. ఇసుక బస్తాల బంకరు వదిలేశారు. చివరి రోజు ఉదయం నేను, డ్రైవరు మాత్రమే మిగిలాం. యాంటెనా దించి కేబులు చుడుతున్నాను. ఆరూ పది. మంచు. సంత రోజని నాకు గుర్తు లేదు.

పైనుంచి వాళ్ళు దిగారు. పదిహేను పదహారు మంది, నెత్తిన మూటలు. గేటు లేదు. సెంట్రీ లేడు. సున్నం సగం చెరిగిన తెల్లగీత ఒక్కటి మిగిలింది. ముందు నడుస్తున్న ముసలామె ఆ గీత దగ్గర ఆగింది. రొంటిలోంచి కార్డు తీసింది. ఖాళీ బంకరు వైపు ఎత్తి చూపింది. ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడి, కార్డు రొంటిన దోపుకుని నడిచింది. వెనకామె ఆగింది. ఎత్తింది. నడిచింది. ఒకరి తర్వాత ఒకరు.

చివర జయంతి. ఆమె కూడా ఆగింది.

నేను కేబులు చుట్ట చేతిలో పట్టుకునే దగ్గరికి వెళ్ళాను. “ఇంక అక్కర్లేదు జయంతీ. పోస్టు ఎత్తేశారు. పైవాళ్ళందరికీ చెప్పు.”

“అక్కర్నేదని రాసున్నాదేటి, సార్?”

రాసి లేదు. ఎత్తెయ్యమన్న ఆర్డరులో షెడ్లున్నాయి, గేటుంది, బస్తాల లెక్కుంది. కార్డుల మాట లేదు. ఆర్డరుకు జత చేసిన లిస్టు తయారు చేసింది నేనే.

ఆ ఏడాదే ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు మొబైల్ టవర్ల పని. సిగ్నలు, బ్యాటరీలు, కేబుళ్ళు. ఎక్కడ ఏ గేటు దగ్గర ఆగినా, ఎవరైనా నా ఐడీ చూడకుండానే సరే సార్ వెళ్ళండి అన్నా, ఆ పొద్దు కళ్ళ ముందుకొస్తుంది. జయంతి నా వైపు చూడలేదు. తల మీద మూట కదలకుండా కుడిచెయ్యి చాచి, బి-నలభై అని నా అక్షరాలున్న కార్డును ఖాళీ ఇసుక బస్తాలకు చూపిస్తూ నిలబడింది. దాని మీద మంచు నీళ్ళు కారుతున్నాయి. లామినేషన్ బాగా చేశాను. లోపల సిరా చెదరలేదు.